మన పాట మనమే కట్టుకొని మన యింటనే పదిలపరచుకొనుట
(జింగనూరు యువజన సమావేశమున చేసిన ఉపన్యాసము)



సంగీతమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మెట్రిక్యులేషను వరకు మాత్రము చదివి, ఉప్పు, పప్పు, ప్రత్తి, మిరపల బేరముతో ప్రొద్దుపుచ్చు వర్తకునికి స్వరములతో పనియేమని మీలో కొందఱు తలపవచ్చును. పని కలదు. ఊరివారి మాటను దుకాణమున కూర్చుండువాడు వినునంతగా మఱియొకడు వినడు. సాయంకాలము మా అరుగుమీద చేరు పిల్లలు కొందఱు గిటారులు తెచ్చుకొనినారు. మొదట సినిమా పాటలు వాయించిరి. ఇప్పుడు తమ సొంత పాటలు కట్టి, ఫోనులో పట్టి, ఒకరికొకరు వినిపించుకొనుచున్నారు. దీనిని పెద్దలు కొందఱు వినోదమనుచున్నారు, కొందఱు కాలహరణమనుచున్నారు. ఇది మన భాషకు సంబంధించిన పని యని నా అభిప్రాయము. ఎందువలన అట్లనుచున్నానో మనవి చేసికొందును.

మనము ఈ నేలకు క్రొత్తవారము కాము. బ్రిటిషువారి కాలమున సిరోంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా యుండెడిది. భద్రాచలము కూడ ఆ జిల్లాలోనిదే. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయినవి, మనము చాందా జిల్లాలో కలిసితిమి. 1956లో బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్రము, 1982లో గడ్చిరోలి జిల్లా. కాగితముపై గీతలు ఇన్నిమార్లు మాఱినను ఇంటిలో భాష మాఱలేదు. రామదాసు కీర్తనలు మనకు పరాయి రాష్ట్రపు సరుకు కావు. ఒకే జిల్లావారము, ఒకే గోదావరి నీరు త్రాగినవారము.

అయితే పాట సంగతి వేఱు. మన ముత్తవ్వలు తిరుగలి త్రిప్పుచు పాడిరి, వడ్లు దంచుచు పాడిరి, నాట్లు వేయుచు పాడిరి. మర వచ్చినది, తిరుగలి మూలబడినది. దానితోపాటు తిరుగలి పాటయు మూలబడినది. ఎవ్వరును ఆ పాటను నిషేధింపలేదు, ఎవ్వరును నిందింపలేదు. పని పోయినది కనుక పాట పోయినది. బతుకమ్మ పాటలు నిలిచినవన్నచో ఏటేట ఆ పండుగ నిలిచియున్నందువలననే. కావున పాట నిలుచుటకు అది పాడవలసిన సందర్భమొకటి నేటి జీవితమున ఉండవలెను. మన పిల్లలు చదువునది మరాఠీ. దానిని నేను తప్పుపట్టను, ఉన్న రాష్ట్రపు భాష రానివాడు అంగటిలోను, కచేరిలోను కూడ నష్టపోవును. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని రాజ్యాంగమున 350-ఎ అధికరణమును 1956లోనే చేర్చిరి. అది అడుగవలసినచోట మన సంఘము అడుగుచునే యుండును. ఈలోపల ఇంటిలో తెలుగు మాటలాడి, తెలుగు చదువలేని పిల్లవానికి సాయంకాలము తెలుగు మాటను తూచి, కోసి, పేర్చు పని యొకటి దొరకినదన్నచో అది ఈ గిటారు పాటయే.

తెలుగువారికి ఇది క్రొత్త విద్యయు కాదు. మాటయు బాణియు తానే కూర్చువానిని మనవారు వాగ్గేయకారుడనిరి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు అట్టివారి చరిత్రను ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ అను గ్రంథముగా వ్రాయగా 1961లో సాహిత్య అకాడమి బహుమానము లభించినది. ఆయనయు పాట వ్రాసి, స్వరపఱచి, పాడి, ఆకాశవాణి ద్వారా లలితసంగీతమును ఇంటింటికి చేర్చినవారే. మన కాలమున గోరటి వెంకన్నగారు తమ పాటలు తామే కట్టి పాడుచున్నారు. 2021 సంవత్సరపు సాహిత్య అకాడమి పురస్కారము ఆయన ‘వల్లంకి తాళము’నకు వచ్చినది.

ఇచ్చట అన్నమాచార్యుల విషయము కొంచెము నిదానముగా ఆలోచింపుడు. 1503లో ఆయన పరమపదించెను. ఆయన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భాండారములో దాచిరి. ఎంత ముందుచూపు! నాలుగువందల యేండ్ల పిమ్మట ఆ రేకులు వెలికివచ్చినవి, వేలకొలది పాటలు దొరకినవి. కాని రేకుపై పాటయు రాగము పేరును మాత్రమే యున్నవి, బాణి లేదు. నేడు మనము వినుచున్న బాణీలలో చాల భాగము రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మొదలగు పెద్దలు 20వ శతాబ్దమున కూర్చినవే. అన్నమయ్య నోట అవి ఎట్లు పలికెనో తెలిసికొను దారి లేదు. రాగి కూడ గొంతును దాచలేకపోయినది. అట్టి సాధనము ఇప్పుడు మన యువకుల జేబులో నున్నది. వారు దానితో ఏమి చేయుచున్నారని అడుగు హక్కు పెద్దలకు కలదు. ఏమి చేయవచ్చునో చూపు బాధ్యతయు కలదు.

గిటారు పరదేశి వాద్యము కదా యని ఒక పెద్దమనిషి నాతో వాదించెను. నేనాయనను, ఫిడేలు ఎచ్చటిదని అడిగితిని. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ పాశ్చాత్య వాద్యమును కర్ణాటక సంగీతమునకు తెచ్చెనందురు. ద్వారము వేంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి సొత్తైపోయినది. హార్మోనియమును ఆకాశవాణివారు 1940లో వెలివేసి, 1971లో మరల లోనికి రానిచ్చిరి. ఆ ముప్పదియేండ్లును మన నాటకములును భజనమందిరములును దానిని విడిచిపెట్టలేదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, ఎలక్ట్రిక్ మాండొలిన్ పై త్యాగరాజ కృతులు పలికించి లోకమును మెప్పించెను. ఇక మెట్లున్న తంత్రీవాద్యము మనకు ఏనాటినుండియో కలదు: పన్నెండు మెట్ల కిన్నెర. దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ దానివలననే వచ్చినది. గిటారున కూడ మెట్టు మెట్టునకు ఒక్కొక్క అర్ధస్వరము పెరిగి, పండ్రెండవ మెట్టు చేరునప్పటికి తీగ అదే స్వరమును పై స్థాయిలో పలుకును. దానిపై మనము తెలుగు మాట నిలుపగలమా లేదా యన్నదే ప్రశ్న.

ఆ నిలుపుటలోనే చిక్కున్నది. మా అరుగుమీది పిల్లలు ముందు ఏదో బాణి అనుకొని దానిలో మాటలు క్రుక్కుచున్నారు. తెలుగున హ్రస్వదీర్ఘములు అర్థమును మార్చును. ‘పలు’ అను మాటను సాగదీసితిరా, అది ‘పాలు’ అగును. ‘పలు దినములు’ అని మొదలిడిన విరహగీతము పాలవాని లెక్కయై కూర్చుండును! కావున మొదట పంక్తిని పాడక, మామూలుగా మాటలాడినట్లు పదిసార్లు పలుకుడు. ఎచ్చట సహజముగా నాలుక ఆగునో అచ్చట తాళము పడవలెను. ఎచ్చట గురువున్నదో అచ్చటనే స్వరము సాగవలెను. మన మాటలు చాలవరకు అచ్చులతో ముగియును గనుక పంక్తి చివర ఎంతసేపైన గొంతు నిలువవచ్చును. ఇంగ్లీషు పాటను చూచి నేర్చుకొనువారు ఈ సౌకర్యమును గమనింపక తెలుగు పంక్తిని కూడ పుటుక్కున త్రుంచుచున్నారు.

మూడు నాలుగు కార్డులు వచ్చిన చాలును. జి, సి, డి అను మూడింటితోనే ఎన్నియో జానపదపు బాణీలు నడచును; మేజరు స్కేలన్నది మన శంకరాభరణపు స్వరములే. శ్రుతి కుదరనిచో గొంతు చించుకొననక్కఱలేదు, కేపో బిగించుట నేర్చినచో ఎవరి శ్రుతికి వారు మార్చుకొనవచ్చును. విషయమేమందురా? పంట, బాకీ, ప్రాణహిత వరద, పట్నమునకు పోయిన అన్న, ఆడపిల్ల అప్పగింత. చంద్రుడు, వెన్నెల, ప్రేయసి వీనిని సినిమావారు చాలినంత పాడినారు.

పట్టుట విషయము. పెద్ద స్టూడియో లేనిదే పాట పాట కాదను భ్రమ వలదు. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో, అనగా మన జిల్లా పుట్టిన యేట, తన యింటి గదిలో నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రముపై గిటారుతో పాడుకొనిన పాటలనే ‘నెబ్రాస్కా’ అను ఆల్బముగా విడుదల చేసెను. తరువాత వాద్యబృందముతో పాడి చూచినను ఇంటిలో పట్టినదే మేలని తోచినదట.

మన యిండ్లలో చిక్కు ప్రతిధ్వని. సిమెంటు గోడలు, రేకుల కప్పు శబ్దమును త్రిప్పికొట్టును. బొంతలు, దుప్పట్లు వ్రేలాడదీసిన గది మేలు. అంతకంటె మేలైనది ప్రత్తి బోరెములు పేర్చిన గోదాము, ప్రత్తి శబ్దమును మ్రింగివేయును. పంకా ఆపవలెను, ఫోను మ్రోగకుండ ఏరోప్లేను మోడులో నుంచవలెను. ఫోనును నేరుగా బల్లపై గాక మడచిన తువ్వాలుపై నుంచుడు, లేనిచో బల్ల అదురు పాటలో వినబడును. నోటికి ఎదురుగా గాక కొంచెము ప్రక్కగా నుంచినచో ‘ప’, ‘భ’ అక్షరముల ఊదుడు మైకునకు తగులదు. గిటారు తీగలకు దిగువనున్న గుంటకు ఎదురుగా మైకు పెట్టుచున్నారు, అది గుబగుబ మ్రోగును. పండ్రెండవ మెట్టు వైపునకు, జానెడు మొదలు మూరెడు దూరమున నుంచుడు. పాటలో మిక్కిలి బిగ్గరగా పాడు చోటును ముందుగా పాడి చూచి, ముల్లు ఎఱ్ఱగీతను తాకకుండ సరిచేసికొనుడు. మెల్లగా పట్టినదానిని పిదప పెంచవచ్చును, పగిలినదానిని అతుకలేము. మొదట గిటారు మాత్రము పట్టి, దానిని చెవిగొట్టములలో వినుచు గొంతును వేఱుగా పట్టినచో రెంటిని తరువాత కలుపవచ్చును. అందులకు ఆడాసిటి అను సాఫ్టువేరు కంప్యూటరులో ఉచితముగా దొరకును. అసలు ప్రతిని వేవ్ ఫైలుగా దాచుడు. నిమిషమునకు పది మెగాబైట్లు పట్టునని లోభింపకుడు. స్నేహితులకు పంపుటకు ఎంపీ3 చాలును. అసలు మాత్రము రెండు చోట్ల నుండవలెను. ఒకే ఫోనులో నున్నది వాగు దాటునపుడు ఆ ఫోనుతోనే పోవును.

ఇంకొక అలవాటు. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు పట్టినప్పుడు, ఆమె ప్రతి పాట చివర తన పేరు తానే చెప్పెడిది. అచ్చు వేయుటకు ఆ రికార్డులు జర్మనీలోని హానోవరునకు పోయెడివి. అక్కడివారికి ఎవరి పాటయో తెలియవలెను గదా. మీరును పాటకు ముందు పేరు, ఊరు, తేది చెప్పుడు. ముప్పదియేండ్లకు మీ మనుమలే హానోవరువారు.

ఈ విద్య వచ్చిన యువకులను నేను మఱియొకటి అడుగుచున్నాను. మీ సొంత పాటకు ముందో వెనుకనో మీ అవ్వచేత ఒక పాట పాడించి పట్టుడు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు డోలు వాయించుచు కోయల వంశగాథలను జ్ఞాపకమునుండి పాడెడివారు; 2022లో పద్మశ్రీ పొంది, 2024లో కన్నుమూసిరి. అట్టివారి ఒక్కొక్క గొంతు ఒక్కొక్క పెట్టె. ఇంటిలో పాత క్యాసెట్టులున్నచో వానిని పారవేయకుడు. పాటపెట్టె హెడ్‌ఫోను రంధ్రమునుండి తీగతో కంప్యూటరునకు ఎక్కింపవచ్చును, టేపు పొర రాలకమునుపే ఆ పని కావలెను. మన పొరుగు మాడియా సోదరుల రేల పాటలు వినసొంపుగా నున్నవని వారిని అడుగకుండ పట్టి, తెలుగు మాటలు తగిలించి మనవనిపించుకొనుట మాత్రము కూడదు. అడిగి, వారి పేరు చెప్పి, వారితో కలిసి పాడుడు. అంగటిలో అరువునకే చీటి వ్రాయుదుము, పాటకు వ్రాయవలదా?

హక్కుల సంగతి వర్తకుడను గనుక చెప్పక తీరదు. 1957 కాపీరైటు చట్టము ప్రకారము పాట కట్టినవాని హక్కు, దానిని వ్రాసినంతనే లేక పట్టినంతనే పుట్టును. నమోదు నిర్బంధము కాదు. అది కర్త జీవితకాలమును, తదుపరి 60 ఏండ్లును ఉండును. 2012 సవరణ ననుసరించి సినిమాలో వాడిన పాటకు సైతము కవియు స్వరకర్తయు తమ రాయల్టీ వాటాను నిర్మాతకు వ్రాసి యిచ్చివేయుటకు వీలులేదు. ఎవరైన మెచ్చికొని కాగితముపై సంతకము అడిగినచో, ఆ కాగితమును ముందు ఇంటికి తెచ్చి చదివించుకొనుడు.

తెలుగు లిపి రానివారు పాటను మొదట దేవనాగరిలోనో, ఇంగ్లీషు అక్షరములలోనో వ్రాసికొనినను నాకభ్యంతరము లేదు. దానిని పెద్దల ప్రక్క కూర్చుండి తెలుగు అక్షరములలో ఎత్తి వ్రాయవలెను. తన పాటను తానే వ్రాసికొను కోరికతో అక్షరములు నేర్చినవాడు వానిని మఱువడని నా నమ్మకము; ఇప్పటికే మా అరుగుమీద ఇద్దఱు ఒత్తులవరకు వచ్చినారు.

మా గోదాములో ప్రస్తుతము ప్రత్తి బోరెములున్నవి. సరుకు ఎత్తువరకు ప్రతి ఆదివారము సాయంకాలము ఆరుగంటలనుండి దాని తాళము తీసియుంచెదను. గిటారు లేనివారు రిక్తహస్తములతో రావచ్చును, మా పిల్లవానిది ఒకటి కలదు. పాటల నకళ్ళకు సంఘము ఒక లావుపాటి నోటుపుస్తకమును, రెండు పెన్‌డ్రైవులను కొనుటకు నేటి సభవారు అనుమతింపవలెనని కోరుచున్నాను.