రోడ్డు పక్క పాల కేంద్రం - మురుగు నీటి సంగతి

(హాలహర్విలో పాల సంఘాల కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



బళ్ళారి - ఆలూరు రోడ్డు పక్కన పాల కేంద్రంతో పాటు టీ, మజ్జిగ అంగడి, ప్రయాణికులకు విశ్రాంతి గది, మరుగుదొడ్లు కట్టాలని కొన్ని సంఘాలు తలపెట్టాయి. సంతోషం. కాని నేను చూసిన అంచనాలలో గోడలున్నాయి, రేకులున్నాయి, బోర్డు కూడా ఉన్నది. వాడిన నీరు ఎక్కడికి పోవాలో మాత్రం వ్రాయలేదు.

"ఇంకుడు గుంత తవ్వుతాం సార్" అంటారు. మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి బిగుసుకుపోతుంది, నీరు ఇంకదు. నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో మొదటి వర్షాకాలానికే గుంత నిండి, మురుగు పాలు పోసే వాకిట్లోకి వచ్చింది. ఆడవాళ్ళు క్యాను దించడానికి రాళ్ళు వేసుకోవలసి వచ్చింది.

దీనికి నాలుగు పనులు చేయాలి.

మొదటిది: క్యాన్లు కడిగిన నీటిని, మరుగుదొడ్డి నీటిని కలపవద్దు. సోడా, క్లోరిన్ కలిసిన నీరు సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులను చంపుతుంది. కడిగిన నీటికి వెన్న, జిడ్డు పైకి తేలి ఆగే తొట్టి వేరుగా కట్టండి. క్యాను అడుగున మిగిలిన పాలు ముందు బకెట్లోకి వంచండి. ఒక్క లీటరు పాలు కుళ్ళడానికి సుమారు 100 గ్రాముల ప్రాణవాయువు కావాలి. మంచి నీటిలో లీటరుకు ఉండేది 8 మిల్లీగ్రాములే. అంటే లీటరు పాలు 12 వేల లీటర్ల నీటిని నిర్జీవం చేయగలవు. ఆదోని పట్టణం తాగునీటికి ఆధారమైన తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతం గుండానే పోతున్నది, మరచిపోవద్దు.

రెండవది: మరుగుదొడ్డి నీరు రెండు గదుల సెప్టిక్ ట్యాంకులో కనీసం ఒక రోజు నిలవాలి. బస్సు ఆగితే ఒక్కసారే నలభై మంది దిగుతారు. ఆ లెక్కన కొలత వేయించండి. బావికి, బోరుకు 18 మీటర్లకు తగ్గకుండా దూరం ఉంచండి.

మూడవది: ట్యాంకు నుంచి వచ్చే నీటిలో మాలిన్యం ఇంకా సగానికి పైగానే ఉంటుంది. ఆ నీటిని ఇటుక, సిమెంటుతో అడుగు కట్టిన గులకరాళ్ళ మడిలోకి పంపి, అందులో జమ్ము, మెట్టతామర నాటండి. జిడ్డు తొట్టి దాటిన నీటిని కూడా ఇక్కడికే కలపవచ్చు. మడి దాటిన నీరు చెట్లకు పెట్టవచ్చు. కూరగాయలకు, పశువుల తొట్టికి వద్దు. రోగక్రిములు పూర్తిగా చావవు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: రెండు మూడేళ్ళకొకసారి ట్యాంకు బురద తీయించాలి. యంత్రపు లారీతోనే తీయించాలి, వాగులో పోయించకూడదు. ఖర్చు మిగులుతుందని మనిషిని దింపవద్దు. ట్యాంకులోని విషవాయువు క్షణాలలో ప్రాణం తీస్తుంది. కాపాడబోయి దిగినవాడు కూడా పోతాడు. రక్షణ సాధనాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఇటువంటి మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. ఎంత పరిహారమిచ్చినా ఆ ఇంటికి మనిషి తిరిగి రాడు.

కాబట్టి నా మనవి ఒక్కటే. మురుగు నీటి పటం, బురద తీయించే ఖర్చు అంచనాలో చేర్చి, మహాజన సభలో చదివి వినిపించిన తరువాతనే పునాది తవ్వండి. పాలు శుభ్రంగా ఉండాలని సభ్యుణ్ణి అడిగే సంఘం, తన వాకిలిని ముందు శుభ్రంగా ఉంచుకోవాలి.