బడికొచ్చిన కంప్యూటర్లు, తాళం వేసిన గది

నేను ఎనిమిదో తరగతితో ఆగినవాణ్ణి. సొసైటీ లెక్కలు తప్ప పెద్దగా తెలీదు. ఇదీ లెక్కే.

మనం ఫోను రీచార్జి చేస్తాం కదా. ఆ కంపెనీల లెక్కకొచ్చే ఆదాయంలో నూటికి 5 రూపాయలు ప్రభుత్వ నిధికి పోతాయి. దాన్నిప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. భారత్‌నెట్ కేబుల్ ఖర్చు అందులోంచే. 2025 బడ్జెట్లో పల్లెల్లోని ప్రభుత్వ హైస్కూళ్లన్నిటికీ ఇంటర్నెట్ ఇస్తామన్నారు. పల్లెల్లో అన్నారు, చూడండి. మన బరంపురం నేతవీధులేమో కార్పొరేషన్లో ఉన్నాయి. మరి మన పిల్లలు ఏ లెక్కలోకి వస్తారు?

2020లో కరోనా అప్పుడు మా ఇంట్లో ఒకటే ఫోను. చీరల ఆర్డర్లు అందులోనే, మనవరాలి పాఠం అందులోనే. ఆర్డరు వస్తే పాఠం మధ్యలో నేనే లాక్కునేవాణ్ణి. ఆ పిల్ల ఇప్పటికీ లెక్కల్లో వెనకే. ఆ తప్పు నాదే.

తర్వాత బడికి కంప్యూటర్లు వచ్చాయి. మొన్న వెళ్లి చూస్తే గదికి తాళం. నెట్టు బిల్లు కట్టేవాళ్లు లేరట. మగ్గం బిగించి కండెలు ఇవ్వకపోతే ఏం నేస్తాం? సమగ్ర శిక్షలో కొనడానికి ఒక గ్రాంటు, ఏటా నడపడానికి ఇంకో గ్రాంటు ఉన్నాయి. ఆ రెండోది ఎక్కడ ఆగిందో అడగాలి.

అడిగే చోటుంది. విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, కమిటీలో సగం ఆడవాళ్లు. మనవాళ్లు సంతకం పెట్టి వచ్చేస్తున్నారు. పూట కూలి పోతుందని భయం, నాకు తెలుసు. ఆ కూలి సొసైటీ ఇవ్వాలని మా బోర్డులో పెడుతున్నాను. వచ్చే మీటింగుకి వెళ్లే తల్లులు ఇవాళే పేర్లు రాయించండమ్మా.