సైట్ నలుపు పోయిందా? హారతి కర్పూరం ఉందిగా!

ఈ ఎపిసోడ్ రేంజ్‌కి వెళ్లే వాళ్లకి, ముఖ్యంగా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకునే వాళ్లకి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సిల్వర్ కొట్టింది కదా, ఆ ఈవెంటే.

క్లబ్ పిస్టల్ ఒకటి తీసుకుని ఫ్రంట్ సైట్ పై అంచు చూడండి. పెట్టెలో పెట్టి తీసి, చెమట చేతులతో తుడిచి తుడిచి, అక్కడ నలుపు పోయి ఇనుము తెల్లగా మెరుస్తూ ఉంటుంది. "కొంచెమే కదా, కనబడట్లేదు" అంటారు. అసలు సమస్య అదే, ఆ అంచు మీకు కనబడట్లేదు!

ఎలాగంటారా? ఎయిర్ పిస్టల్‌లో చాలామంది నల్ల వృత్తం మీద గురిపెట్టరు, దాని కింద తెల్ల కాగితం మీద పెడతారు. అంటే ఫ్రంట్ సైట్ వెనక ఉండేది తెలుపు. పైన లైటు పడి అంచు మెరిస్తే, ఆ మెరుపు తెలుపులో కలిసిపోతుంది. సైట్ అసలు ఎత్తు కన్నా పొట్టిగా కనిపిస్తుంది. మీ కన్ను దాన్ని రియర్ సైట్‌తో సమానం చేయాలని కొద్దిగా పైకి లేపుతుంది. షాట్ పైకి పోతుంది. కుడివైపు కిటికీ ఉంటే ఇదే తంతు, షాట్ కుడికి పోతుంది.

ఎంత పోతుందో లెక్క వేద్దాం. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు అనుకోండి. టార్గెట్ 10 మీటర్లు. అంటే దాదాపు 30 రెట్లు. సైట్ దగ్గర 0.1 మిల్లీమీటర్ తేడా టార్గెట్ మీద 3 మిల్లీమీటర్లు అవుతుంది. అక్కడ ఒక రింగ్‌కి 8 మిల్లీమీటర్లు, కాబట్టి డెసిమల్ స్కోరింగ్‌లో దాదాపు 0.4 పాయింట్. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి సిల్వర్ పోటీలో ఉండే ఛాన్స్ 0.1 తేడాతో పోయిందని గుర్తుందా? పాపం చాలామంది పిల్లలు మణికట్టుని తిట్టుకుంటారు, లేదంటే రియర్ సైట్ స్క్రూ తిప్పుతారు. రేపు వేరే లైటింగ్ ఉన్న రేంజ్‌కి వెళ్తే మళ్లీ తిప్పాలి!

సరే, నలుపు ఎలా తేవాలి?

మార్కర్ పెన్ వద్దు. లైటు పడితే ఊదారంగు మెరుపు వస్తుంది. మెరిసే నల్ల పెయింట్ అయితే ఇంకా ఘోరం, నల్లటి అద్దం పెట్టినట్టే. మనకి కావాల్సింది రంగు కాదు, వెలుగుని మింగేసే గరుకు నలుపు. అంటే మసి. మన అమ్మమ్మలు ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టేవారే, సరిగ్గా అదే. పాతకాలం షూటర్లు కార్బైడ్ దీపం పొగ పట్టేవారు, కర్పూరం కూడా వాడేవారు. స్ప్రే డబ్బాలు దొరుకుతాయి కానీ, మనకి కిరాణా కొట్లో హారతి కర్పూరం ఉండగా ఎందుకండీ?

ముందు ఒక మాట, ఇది సీరియస్‌గా వినండి. పిస్టల్‌కి గాలి సిలిండర్ ఉంటుంది, అందులో 200 బార్ ఒత్తిడి. దాని దగ్గర మంట పెట్టకూడదు. పిస్టల్ ఖాళీగా ఉందని చూసి, సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, స్క్రూ విప్పి ఫ్రంట్ సైట్ బయటికి తీయండి. ఊడి రాదా? అయితే మంట పద్ధతి మర్చిపోండి, స్ప్రేనే వాడండి. ప్లాస్టిక్ సైట్‌కి కూడా అంతే.

తీసిన సైట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, నూనె మీద మసి నిలవదు. అది పూర్తిగా ఆరాక, సీసా మూతపెట్టి దూరంగా పెట్టాక, ఆరుబయట చిన్న కర్పూరం బిళ్ల వెలిగించండి. పట్టకారుతో సైట్‌ని పట్టుకుని, మంటలో కాదు, మంట కొస పైన పొగలో అటూ ఇటూ రెండు మూడు సెకన్లు తిప్పండి. కన్ను వైపు ఉండే ముఖం, పై అంచు, పక్క అంచులు నల్లబడితే చాలు. వేలు తగిలిందా, మళ్లీ మొదటికి.

మసి మ్యాచ్ రోజుకి సరిపోతుంది, తుప్పుని మాత్రం ఆపదు. అసలు ఇనుమే బయటపడితే కోల్డ్ బ్లూ ద్రావణం పూయాలి. అందులో సెలీనియం ఉంటుంది, విషం. గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడేచోట పూసి, నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పలుచగా నూనె రాయాలి. అల్యూమినియం మీద ఇది పనిచేయదు. మ్యాచ్ ముందు నూనె తుడిచేసి మసి పట్టండి. ఇదంతా ఎయిర్ పిస్టల్‌కే. లైసెన్స్ తుపాకీ అయితే ఆర్మరర్‌కి ఇవ్వండి, ఇంట్లో విప్పొద్దు.

సైట్ బిగించాక రేంజ్‌లో, పిస్టల్ ఖాళీగా టార్గెట్ వైపే పెట్టి, ఫ్రెండ్‌ని మీ తల పైనుంచి ఫోన్ టార్చ్ వేయమనండి. పై అంచు నల్లగా, బ్లేడ్‌తో గీసినట్టు కనిపించాలి. ఎక్కడైనా తళుక్కుమంటే మళ్లీ కర్పూరం వెలిగించండి.

వచ్చే ఎపిసోడ్‌లో 500 గ్రాముల ట్రిగ్గర్ వెయిట్ ఎలా చెక్ చేస్తారో చూద్దాం. ఉంటా మరి.