సభ్యుల గది, సభల గది

పూర్వము రేడియో పెట్టె ఉన్నవారెల్లరును దానికి లైసెన్సు తీసికొనవలసి యుండెను. ఇంటిలో వినుటకు ఒక విధమైన లైసెన్సు. హోటలులో పదిమందికి వినిపించుటకు మఱియొక విధమైన లైసెన్సు. పెట్టె అదియే, పాట అదియే. వినువారు మాఱిరి గనుక లైసెన్సు మాఱినది. ఆ పద్ధతి 1980 దశకములో రద్దయినది గాని, దానియందలి న్యాయము నేటికిని నిలిచియున్నది. ఇప్పుడు మేము చెప్పబోవు విషయమునకు మూలము ఆ న్యాయమే.

ఒక ఊరిలో కొందఱు సంఘముగా ఏర్పడి, చందాలు వేసికొని, ఒక పెద్ద గది కట్టుకొందురు. సాయంకాలము పత్రికలు చదువుకొందురు, చదరంగ మాడుకొందురు, ఏడాదికొకసారి నాటకము వేసికొందురు. అది సభ్యుల గది. కొంతకాలమునకు ఒకరు పెండ్లికని, ఒకరు హరికథకని, వేఱొకరు చీరల అమ్మకమునకని ఆ గదిని అద్దెకడుగుదురు. కార్యవర్గము సరే యనును. అద్దె వచ్చును, గోడలకు సున్నము పడును. కాని తలుపు బయటివారికి తెఱచిన ఆ దినముననే గది స్వభావము మాఱినదని పలువు రెఱుగరు.

శ్రీముఖలింగము వంటి క్షేత్రమున ఈ మార్పు మఱింత వేగముగా జరుగును. మహాశివరాత్రి మొదలు వంశధారలో చక్రతీర్థ స్నానము వఱకు ఊరు జనముతో కిటకిటలాడును. యాత్రికులకు నీడ కావలయును. భజన బృందములకు చోటు కావలయును. ఆ రోజులలో నాలుగు గోడలును కప్పును ఉన్న ప్రతి గదియు ప్రజల గదియే.

దీనికి చట్టము క్రొత్తది కాదు. ఈ సీమ గంజాము జిల్లాలో చేరి మద్రాసు రాజధాని పాలనలో నున్న కాలముననే, 1888లో, ప్రజలు గుమిగూడు స్థలములను గుఱించి ఒక చట్టము చేసిరి. అయిదువందల చదరపుటడుగులు గాని అంతకు మించి గాని వైశాల్యము గల భవనమును ప్రజావినోదములకు వాడవలెనన్నచో, ఆ చట్టము వర్తించు ప్రాంతములందు ముందుగా లైసెన్సు పొందవలయును. ఆ స్థలమును ప్రజలు నిరపాయముగా వాడుకొనగలరా యనునది అధికారి చూడవలసిన ముఖ్యమైన సంగతి.

ఈ ప్రశ్న ఏల? సభ్యునికి తన గది తెలియును. ఏ తలుపు బిగుసుకొనునో, ఏ మెట్టు విఱిగినదో అతడెఱుగును. దీప మాఱినచో తడుముకొనుచునైనను బయటపడును. పెండ్లికి వచ్చిన చుట్టమునకు ఆ యెఱుక లేదు. 1997 జూన్ 13వ తేదీన ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో పొగ క్రమ్ముకొని 59 మంది మరణించిరి. బాల్కనీలో అదనముగా వేసిన కుర్చీలు బయటికి పోవు దారిని అడ్డగించినవి. 2004 జనవరి 23వ తేదీన శ్రీరంగములో ఒక పెండ్లి మండపమున మేడపై వేసిన పందిరి అంటుకొని ఏబదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. అదనపు కుర్చీ, మేడమీది పందిరి — ఇవి మన ఊళ్లలోను ప్రతి వేడుకకును వేయునవే. కావున గదిలో ఎందఱు పట్టుదురో ముందే లెక్కించి వ్రాసిపెట్టుట, జనమున్నంతసేపు రెండవ తలుపునకు తాళము వేయకుండుట, విద్యుత్తు తీగలను తెలిసినవానిచే చూపించుట కార్యవర్గమునకు విధులు.

ఆ రెండవ తలుపు విషయమున శ్రీముఖలింగములో ఒక చిక్కు కలదు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నవి. 2010లో సవరించిన చట్టము ననుసరించి రక్షిత కట్టడమునకు నూఱు మీటర్ల లోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపైన రెండు వందల మీటర్ల వఱకు అనుమతితోనే కట్టవలయును. మరమ్మతునకైనను అనుమతి కావలయును. జనరక్షణకు తలుపు పెట్టుమని ఒక చట్టము, గోడను తాకుటకు ముందు అడుగుమని మఱియొక చట్టము. తలుపునకు అనుమతి వచ్చువఱకు ఆ గదిని బయటివారికి ఈయకుండుటయే మంచిది.

ధ్వని విషయమునను నియమము లున్నవి. 2000 సంవత్సరపు నియమముల ప్రకారము లౌడుస్పీకరుకు వ్రాతపూర్వకమైన అనుమతి కావలయును. రాత్రి పది గంటల నుండి ఉదయము ఆఱు గంటల వఱకు, లోపలివారికి మాత్రమే వినబడునట్లు మూసిన మందిరములలో తప్ప, దానిని వాడరాదు. తెల్లవాఱుదాక సాగు తూర్పు భాగవతమునకు ఇది కష్టమే. కాని ప్రక్క ఇంటి పసిబిడ్డ నిద్రయు ఆలోచింపదగినదే. ఇక నాటకము: సభ్యులు టిక్కెట్టు లేక ఆడినచో 1957 నాటి కాపీరైటు చట్టము అడ్డు చెప్పదు. దేవాలయము వంటి మతసంస్థ సహాయార్థ మాడినను అంతే. తమ లాభమునకై టిక్కెట్టు పెట్టినచో, హక్కు గల రచయిత అనుమతి పొందవలయును.

అన్నిటికంటె గొప్ప మార్పు గుమ్మము కడ జరుగును. సంఘము తన సభ్యులను ఎన్నుకొనవచ్చును. కాని ప్రజలకని తెఱచిన తలుపు కడ నిలిచి, నీవు రావచ్చును, నీవు రాగూడదని కులము నడుగరాదు. ప్రజావినోద స్థలములలో ప్రవేశమునకు మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అడ్డు కాగూడదని మన రాజ్యాంగము 15వ అధికరణమున శాసించినది. అస్పృశ్యత పేరిట రానీయకుండుటయు, ఇతరులకు చేయు సేవను నిరాకరించుటయు 1955 నాటి చట్టము ప్రకారము శిక్షార్హములు. ఒక కుటుంబము పెండ్లికి గది నడుగగా ఆ దినమున ఖాళీ లేదని చెప్పి, మఱునాడు అదే దినమును వేఱొకరి కిచ్చుట కొన్ని యెడల జరుగుచున్నది. అందుకే తేదీల పుస్తకము ఎల్లరకు కనబడునట్లు బల్లమీద నుండవలయునని మేము కోరుచున్నాము. ఎవరు ముందడిగిరో ఆ పుస్తకమే చెప్పును.

శ్రీముఖలింగేశ్వరుడు శబరుల నడుమ ఇప్పచెట్టున వెలసెనని స్థలపురాణము. అట్టి దేవుని గుడి తలుపులు అందఱికిని తెఱచుటకు సైతము 1947లో మద్రాసు రాష్ట్రమున చట్టము కావలసివచ్చినది. మనుష్యులు కట్టుకొన్న గదికి ఆ మాత్రము కట్టుబాటు వలదనుట పొసగదు.

సభ్యులకు ఒక బాధ మిగులును. పెండ్లి దినమున పత్రికల బల్ల మూల చేరును, చదరంగము అటక ఎక్కును. ఆ కష్టము నిజమే. నెలలో కొన్ని దినములు సభ్యులకే యని ముందుగా తీర్మానించుకొన్నచో తగవు తీఱును. వచ్చిన అద్దెను పంచుకొనక, గదికిని గ్రంథములకును వెచ్చింపవలయును.

గది నీయదలచినవారు మొదట పంచాయతీ కార్యాలయములోను తహశీలుదారు కార్యాలయములోను ఏయే అనుమతులు కావలయునో విచారింపుడు. అగ్నిమాపక శాఖవారిని పిలిచి గదిని చూపింపుడు. లైసెన్సు గోడకు తగిలించినంతనే పని ముగియదు. ఆ రాత్రి చివరి అతిథి క్షేమముగా వీథి చేరువఱకు తాళపుచెవి పట్టుకొని ఒకరు గుమ్మము కడ నుండవలయును. ఆ ఒకరెవరో ముందుగా నిర్ణయించుకొనుడు.