38 ఏళ్లకి పైలట్ అవ్వొచ్చా? భూమి అమ్మే ముందు ఈ పని చెయ్యన్నా

పోయిన ఎపిసోడ్ చూసి భూపాలపల్లి నుంచి ఒక అన్న వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెట్టిండు. పేరు చెప్పొద్దన్నడు, చెప్పను. వయసు 38. సింగరేణిలో పని, షిఫ్ట్ డ్యూటీ. ఇద్దరు పిల్లలు. చిన్నప్పటి నుంచి పైలట్ కావాలని కోరికంట. జనగామ దగ్గర ఊర్లో నాన్న ఇచ్చిన ఎకరం భూమి ఉంది, దానికి ఇప్పుడు మంచి రేటు పలుకుతోంది. "అది అమ్మి ట్రైనింగ్‌కి పోదామనుకుంటున్న తమ్ముడూ, ఈ వయసులో అవుతదా?" అని అడిగిండు. చివర్లో ఇంకో లైన్: "మా ఇంటామెది మానుకోట. భూమి మాట ఎత్తినప్పటి నుంచి సరిగ్గా మాట్లాడతలేదు."

ఆ చివరి లైన్ చదివినంకనే ఈ ఎపిసోడ్ చెయ్యాలనిపించింది.

ముందు వయసు సంగతి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్ తీసుకోవడానికి కనీసం 18 ఏళ్లుండాలి. "ఇన్నేళ్లు దాటితే లైసెన్స్ ఇవ్వం" అనే రూల్ లేదు. ఎయిర్‌లైన్‌లో ఇద్దరు పైలట్లుండే విమానాలను 65 ఏళ్ల వరకు నడపొచ్చు. అన్నకి 41, 42కి లైసెన్స్ వచ్చిందనుకున్నా ఇరవై ఏళ్ల పైన సర్వీస్ మిగులుతుంది. కాబట్టి చట్టం అడ్డం కాదు.

చదువు? ఇంటర్ లెవెల్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ పాసై ఉండాలి. బైపీసీ చేసినోళ్లకి మ్యాథ్స్ ఉండదు, సీఈసీ వాళ్లకి రెండూ ఉండవు. అట్లాంటోళ్లు ఓపెన్ స్కూల్‌లో ఆ సబ్జెక్టులు రాసుకోవచ్చు. అన్నది ఎంపీసీనే కాబట్టి ఆ బాధ లేదు.

మరి అడ్డం ఏంది? మెడికల్. పైసలు. ఈ రెండిట్ల ఏది ముందు అన్నదే అసలు విషయం. చాలామంది ముందు పైసలు కడతరు, తర్వాత మెడికల్‌కి పోతరు. తలకిందుల పని అది.

డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర మొదట క్లాస్ 2 మెడికల్ చేయించుకోవాలి. దానికయ్యేది వేలల్లోనే. తర్వాత క్లాస్ 1. సీపీఎల్‌కి కావాల్సింది ఇదే. చూపు, వినికిడి, బీపీ, షుగర్, ఈసీజీ అన్నీ చూస్తరు. అద్దాలున్నంత మాత్రాన భయపడొద్దు, అద్దాలతో చూపు సరిపోతే నడుస్తది. రంగులు గుర్తుపట్టలేకపోవడం మాత్రం పెద్ద ఇబ్బంది. 25 ఏళ్ల పిల్లగాడికి ఇదంతా మామూలు చెకప్. 38లో, అదీ ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసినోళ్లకి, బీపీ ఎంతుందో తెల్వకుండనే ఉండొచ్చు. మిషన్ల మోతలో పనిచేసిన చెవుల సంగతి కూడా చూసుకోవాలె. పైగా ఇది ఒక్కసారితో అయిపోదు. ఏడాదికోసారి పాసవుతూనే ఉండాలి, వయసు పెరిగినంక కొందరికి ఇంకా తొందరగా వస్తది.

మన భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు "అన్‌ఫిట్" అనే మాటకి వేరే అర్థం ఉంది. తండ్రి మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే కొడుక్కి కారుణ్య నియామకం కింద ఉద్యోగం వస్తుందని ఇంట్లో ఆశగా మాట్లాడుకుంటరు. ఇక్కడ అట్లా కాదన్నా. అన్‌ఫిట్ అంటే కట్టిన ఫీజు పోయినట్టే, ఎక్కాల్సిన విమానం కూడా పోయినట్టే.

అందుకే మెడికల్ కాగితం చేతికి రాకముందు రిజిస్ట్రేషన్ ఆఫీస్ గడప ఎక్కకు. నా మాటగా వదినకి కూడా చెప్పు.

ఇక ఉద్యోగం మానకుండా చేసుకునే పని ఇంకోటి ఉంది. డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబర్ తీసుకుని థియరీ పేపర్లు రాయొచ్చు. నావిగేషన్, మెటియొరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు. పాస్ మార్కు 70 శాతం. మనం ఇంటర్‌లో 35 వస్తే సాలనుకున్న బ్యాచ్ కదా, ఇక్కడ 69 వచ్చినా ఫెయిలే. ఇరవై ఏళ్ల తర్వాత పుస్తకం పడితే బుర్రకెక్కుతుందా లేదా అన్నది ఈ పేపర్లతోనే తేలిపోతుంది, అదీ భూమి అమ్మకుండనే.

ఇంగ్లీష్ రాదని భయపడేటోళ్ల కోసం ఒక మాట. రేడియోలో మాట్లాడేది సినిమా ఇంగ్లీష్ కాదు, ఖరారు చేసిన పదాలే. అంకెలు కూడా వేరుగా పలుకుతరు. 3ని ట్రీ, 5ని ఫైఫ్, 9ని నైనర్ అంటరు, వినబడటంలో తప్పు పోవద్దని. ఇంగ్లీష్ టెస్ట్ ఉంటుంది కానీ సాధనతో వచ్చేదే.

ఆ తర్వాతనే ఫ్లయింగ్. మొత్తం 200 గంటలు. అందులో 100 గంటలు నువ్వే కమాండ్‌లో ఉండి నడపాలి. దూర ప్రయాణం, రాత్రి ఫ్లయింగ్, మీటర్లు చూసుకుంటూ నడపడం అన్నిటికీ లెక్కలున్నయి. బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది, యూపీలో ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది, ప్రైవేట్‌వి చాలా ఉన్నయి. మామునూరు ఎయిర్‌పోర్టుకి 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్లియరెన్స్ ఇచ్చింది కదా, ఇంటి పక్కనే ట్రైనింగ్ వస్తుందేమో అని ఆగేటోళ్లున్నరు. ఎయిర్‌పోర్ట్ వేరు, ఫ్లయింగ్ స్కూల్ వేరు.

ఖర్చు అటూ ఇటూగా 50 లక్షలు. తక్కువ చెప్పేటోళ్లు ఉంటరు. ఆ లెక్కలో రూము, తిండి, వాన పడి విమానం లేవని రోజులు ఉండవు.

లైసెన్స్ వచ్చినా ఇండిగోనో ఎయిర్ ఇండియానో వెంటనే పిలవదు. ఎయిర్‌బస్ 320 లాంటి విమానం నడపాలంటే దానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ చెయ్యాలి, అది మళ్లా లక్షల్లోనే. హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సల్వా ఫాతిమా గారి కథ చూడండి. నాన్న బేకరీలో పనిచేసేవారు. 2007లో ఆమె ఏవియేషన్ అకాడమీలో చేరారు, 2013లో సీపీఎల్ వచ్చింది. పెళ్లయింది, పాప పుట్టింది. మల్టీ ఇంజిన్ ట్రైనింగ్‌కి, టైప్ రేటింగ్‌కి పైసల్లేక ఆగాల్సి వస్తే తెలంగాణ ప్రభుత్వం సాయం చేసింది. మధ్యవయసులో మొదలుపెట్టిన కథ కాదది. కానీ లైసెన్స్‌కి, సీటుకి మధ్య ఎంత దూరం ఉంటుందో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆ దూరం నడవడానికి ఆమెకి వయసు ఉంది. అన్నకి ఆ మధ్యకాలానికి కూడా ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవాల్సి ఉంటుంది.

ఒకవేళ అన్నీ కలిసొచ్చినయి అనుకుందాం. 43 ఏళ్ల నువ్వు కుడి సీట్లో, 30 ఏళ్ల అమ్మాయి ఎడమ సీట్లో కెప్టెన్. ఆమె చెప్తే నువ్వు చెయ్యాలె. నాకైతే అందులో నామోషీ ఏం కనబడదు. నీకు కనబడితే ఇప్పుడే ఆలోచించుకో.

ఈ ఎపిసోడ్ పెట్టేముందు అన్నకి ఫోన్ చేసిన. భూమి బేరం ఆపిండంట, వచ్చే వారం ఆఫ్ డే నాడు క్లాస్ 2కి హైదరాబాద్ పోతున్నడు. వదిన కూడా వస్తనన్నదంట. రిపోర్ట్ ఏం వచ్చినా చెప్తనన్నడు, ఆయన ఒప్పుకుంటే మీకూ చెప్తా. ఉంటా మరి.