పికప్ వెనక ఇరుసులో ప్లే, చప్పుడు: మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు మనం చూసుకోవలసినవి

(మండల రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన తరగతిలో పత్తిలో గులాబీరంగు పురుగు గురించి మాట్లాడుకున్నాం. ఈసారి బండి గురించి చెప్పమని రెంటచింతల, దుర్గి వైపు నుంచి వచ్చినవాళ్లు అడిగారు. రైతు సంఘానికి పికప్ ఇరుసుతో పనేమిటని కొందరు నవ్వారు కూడా. పని ఉంది. మాచర్ల అవతలి ఊళ్ల నుంచి మిర్చి గుంటూరు యార్డుకు చేరాలంటే నూరు కిలోమీటర్లు దాటిన దారి. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించిన రోజులు మనకు గుర్తున్నాయి. ధర బాగున్నప్పుడు కిరాయి ఎవరికీ కనపడదు. ధర పడ్డాక ప్రతి రూపాయీ కనపడుతుంది. అందుకే మనలో చాలామంది నలుగురైదుగురు కలిసి అప్పుచేసి సొంతంగా పికప్ కొన్నారు. బండి మనదైతే దాని రోగం కూడా మనదే కదా.

ముందు మా సంగతి చెబుతాం. మేం ఐదుగురం కలిసి కొన్న బండికి రెండేళ్ల కిందట కోతల కాలంలో వెనక నుంచి 'టక్'మనే చప్పుడు మొదలైంది. క్లచ్ వదిలితే టక్, రివర్సు వేస్తే టక్. షెడ్డుకు తీసుకెళ్తే కిందికి వంగి చూసి, షాఫ్టు చేత్తో అటూ ఇటూ ఆడించి, "క్రౌన్ పినియన్ పోయిందన్నా, సెట్టు మార్చాల్సిందే" అన్నారు. మార్చారు. కూలీ, బేరింగులు, నూనె అన్నీ కలిపి ఇరవై ఎనిమిది వేలు. నాలుగు రోజులు బండి లేదు, మిర్చి కల్లంలోనే ఉంది. బండి బయటికొచ్చాక టక్ అట్లాగే ఉంది! పైగా అంతకుముందు లేని ఊళ కొత్తగా తోడైంది.

చివరికి పిడుగురాళ్లలో సున్నం లారీలు చూసే ఒక పెద్దాయన అరగంటలో తేల్చాడు. షాఫ్టు వెనక జాయింటు క్రాసు అరిగింది, ఎడమపక్క యూ బోల్టులు వదులై కమాను కట్ట సెంటర్ బోల్టు తెగింది. ఆ రెండింటికీ అయిన ఖర్చు మొదటి బిల్లులో పదో వంతు కూడా లేదు. మా పాత క్రౌన్ పినియన్ బాగానే ఉందట. అది అప్పటికే తూకానికి పోయింది. కొత్తది సరిగ్గా సెట్ చేయక ఊళ వేస్తోంది. ఆయన మాకు చూపించిన పద్ధతినే మీకు చెబుతున్నాం. విప్పే పని మెకానిక్‌దే. ఎక్కడ విప్పాలో తెలుసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

మొదట ప్లే అంటే ఏమిటో చూద్దాం. గేరుబాక్సు నుంచి చక్రం దాకా బలం చాలా చేతులు మారుతుంది. షాఫ్టు జారే పళ్లు, ముందు వెనక జాయింటు క్రాసులు, పినియన్, క్రౌన్, దాని లోపల స్టార్ పినియన్లు, సన్ గేర్లు, చివరికి యాక్సిల్ షాఫ్టు పళ్లు. ఒక్కోచోటా కొంచెం సందు ఉండాలి, లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది. ఆ కొంచెం కొంచెం అంతా కలిసి మన చేతికి ఎక్కువగా తగులుతుంది. కాబట్టి షాఫ్టు ఆడింది కదా అని క్రౌన్ పినియన్ పోయిందనడం, జ్వరం ఉంది కాబట్టి టైఫాయిడే అన్నట్టు.

ఇప్పుడు పరీక్ష. బండి చదునైన నేల మీద పెట్టండి. ముందు చక్రాలు రెంటికీ ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ఇంజను ఆపి తాళంచెవి మీ జేబులో వేసుకోండి, ఇంకెవరికీ ఇవ్వకండి. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఇప్పుడు వెనక చక్రాలు కదలవు, షాఫ్టు మాత్రం ఉన్న సందు మేరకు ఆడుతుంది. ఒకరు షాఫ్టును అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు బ్యాటరీ లైటు వేసి జాయింటును చూడాలి. షాఫ్టు కొస ముందు కదిలి, పినియన్ కప్లింగు ఆ తర్వాత కదిలితే లోపం క్రాసులోనే. క్రాసు టోపీల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కనిపిస్తే ఇక అనుమానమే లేదు. షాఫ్టు, కప్లింగు రెండూ ఒక్కసారే కదులుతూ చక్రం నిలిచి ఉంటే అప్పుడే ఆ ప్లే హౌసింగు లోపలిది.

అలా లోపలిదని తేలితే కప్లింగు మీద ఒకటి, దానికెదురుగా హౌసింగు మీద ఒకటి సుద్దగీత పెట్టండి. ఒక కొస దాకా తిప్పి గుర్తు, రెండో కొస దాకా తిప్పి గుర్తు. ఆ దూరాన్ని కొలిచి తేదీ వేసి రాసుకోండి. అదే కంపెనీ, అదే మోడల్ బండి తక్కువ తిరిగింది ఊళ్లో ఉంటే దానిమీదా కొలవండి. ఈ కొలత మొత్తం ప్లేది. ఒక్క క్రౌన్ పళ్ల మధ్య ఉండవలసిన సందు సాధారణంగా మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని డయల్ గేజీతో కొలుస్తారు, చేత్తో చెప్పేది కాదు. గేజీ లేని షెడ్డులో క్రౌన్ పినియన్ సెట్ చేయించకండి. క్రౌన్, పినియన్ జతగా అరగదీసి తయారుచేస్తారు కాబట్టి ఒక్కదాన్నే మార్చడం కూడా తప్పే.

కప్లింగును పైకీ కిందికీ కూడా ఎత్తి చూడండి. తిరిగే ప్లే కొంత ఉండొచ్చు గాని, ఈ ప్లే అసలు ఉండకూడదు. ఉంటే పినియన్ బేరింగు వదులైనట్టు. అక్కడ సీలు నుంచి నూనె కూడా కారుతుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. కొంతమంది "నట్టు ఒక్క పట్టు బిగిస్తే సరి" అంటారు. చాలా బండ్లలో ఆ నట్టు కింద నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. ఎక్కువ బిగిస్తే అది ఇంకా నలిగి బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఊరి పొలిమేర దాటకముందే వేడెక్కుతుంది.

తర్వాత చక్రాలు. జాకీతో ఎత్తి, ఇరుసు కింద గుర్రాలు పెట్టి, అప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ తల పెట్టొద్దు, ఇటుకలు పేర్చి పెట్టినా సరే. చక్రం కొట్టుకుంటే హబ్బు బేరింగు. డ్రమ్ము లోపలి నుంచి నూనె తడి కనిపిస్తే అది ఇరుసు నూనె అనుకుని వదిలేయకండి, ఆ తడి బ్రేకు లైనింగు మీద చేరుతుంది. బరువుతో దిగుడులో వస్తుంటే ఒక చక్రం పట్టి ఇంకొకటి పట్టకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చప్పుడు సంగతి. దీన్ని చెవితో పట్టాలంటే ఖాళీ బండితో, పాటలు ఆపి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని వెళ్లాలి. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా వినిపిస్తే అది టైర్ల చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కితే ఊళ వేసి, వదిలితే మారిపోయే చప్పుడు గేరు పళ్లది. తొక్కినా వదిలినా ఒకేలా గరగరమంటూ వేగంతో పాటు పెరిగేది బేరింగుది. ఖాళీ రోడ్డు మీద మెల్లగా కుడికీ ఎడమకీ వంపు తిప్పండి. ఒక పక్కకు తిప్పినప్పుడే పెరిగితే హబ్బు బేరింగును అనుమానించండి. మలుపులోనే కటకటమని, తిన్నగా వెళ్తే పోతే స్టార్ పినియన్ల వైపు చూడాలి. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్క టిక్కుమంటే క్రౌన్ పన్ను విరిగి ఉండొచ్చు. అదే చుట్టుకు నాలుగైదు సార్లయితే పినియన్ గాని, జాయింటు గాని.

గేరు మార్చినప్పుడు ఒక్క టక్ మాత్రమే ఉంటే ముందు యూ బోల్టులు, సెంటర్ బోల్టు, షాకిల్ బుష్షులు చూడండి. మా ఇరవై ఎనిమిది వేలు పోయింది అక్కడే.

హౌసింగు నూనె కూడా చాలా చెబుతుంది. నూనె దింపే బిరడాకు అయస్కాంతం ఉంటే దానికి నల్లటి మెత్తటి ముద్ద అంటుకోవడం మామూలే. నూకల్లాంటి ముక్కలో, పళ్ల రేకులో వస్తే ఆ బండి మీద ఇక బరువు వేయకండి. నూనె పాలు పోసిన టీలా ఉంటే నీరు చేరినట్టు. మన పల్నాడులో ఇది ఎక్కువ. వానాకాలం వాగుల్లో దింపుతాం. ఎండకి, బరువుకి కాగిన హౌసింగు ఒక్కసారి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదరు గుండా, సీళ్ల గుండా నీళ్లు పీలుస్తుంది. సున్నపు బట్టీల దుమ్ము, క్వారీల దుమ్ము బ్రీదరును మూసేస్తే తిరకాసు ఇంకో రకం. వేడికి లోపల ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నుకుని నూనె బయటికొస్తుంది. సీలు ఎన్నిసార్లు మార్చినా కారుతుందంటే బ్రీదరు ఊది చూడండి, రూపాయి ఖర్చు లేదు.

ఇక మనం ఒప్పుకోవలసిన మాట. టిక్కీ 40 కిలోల పైన లెక్కేస్తే, 1,700 కిలోల బండికి 40 టిక్కీలతో నిండినట్టే. యార్డు గేటు దగ్గర 60 టిక్కీల పికప్‌లు చూడనివాళ్లు ఇక్కడ ఎవరున్నారు? బరువు ఒకటిన్నర రెట్లయితే బేరింగు ఆయుష్షులో మూడో వంతు కూడా మిగలదు, ఇది బేరింగు కంపెనీలే వాడే లెక్క. పట్టుబడితే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000. రెండో కిరాయి తప్పించుకుందామని చేసే పనే ఇదంతా. మేమూ చేశాం.

ఆ బండి మీదే కోత కూలీలను ఎక్కిస్తున్నాం. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిర్చి కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడకూలీలు చనిపోయారు. సరుకు బండి మనుషుల బండి కాదు. ఇరుసులో చప్పుడున్న బండైతే అసలే కాదు. ఈ విషయంలో సంఘంలో రెండు మాటలు ఉండకూడదని మా అభిప్రాయం.

ప్రభుత్వాన్ని అడగవలసిందీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు సెంటర్ హౌసింగు, ట్రాన్స్‌మిషన్ హౌసింగు లాంటి కొన్ని భాగాల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. పికప్ విడిభాగాల మీద 18 శాతం. 28 నుంచి తగ్గిందన్నది నిజమే. కానీ అదే రైతు, అదే మిర్చి. పొలంలో ఉంటే 5, రోడ్డెక్కితే 18 ఏమిటి? దీని మీద తీర్మానం రాసి జిల్లా కమిటీకి పంపుదాం.

వచ్చే తరగతికి కారెంపూడి నుంచి ఇద్దరు తమ బండ్లు తెస్తామన్నారు. రెండు గుర్రాలు, డయల్ గేజీ మేం తెస్తాం. సుద్దముక్క, పాత గుడ్డలు, నూనె దింపడానికి ఒక బేసిను మీరు తెచ్చుకోండి. చప్పుడున్న బండ్లు ఇంకా ఉంటే పేర్లు ఇప్పుడే రాయించండి, ఒక్కరోజులో నాలుగు బండ్లకు మించి చూడలేం.