ఉరిశిక్ష దాకా వెళ్లిన అనుమానం



తెల్లవాళ్ల నేరస్థ తెగల చట్టం మన ఎరుకల వాళ్లని పుట్టుదొంగలన్నది. స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ కాలందే. 1952లో చట్టం పోయింది. మరి అనుమానం పోయిందా?

మహారాష్ట్ర కేసు చూడండి. 2003లో జరిగిన హత్యలకు సంచార తెగల కూలీలు ఆరుగురిని పట్టుకున్నారు. దాడిలో బతికి బయటపడ్డ ఇల్లాలు మొదట పోలీసుల ఫోటోల్లో గుర్తుపట్టింది వేరే నలుగురిని. వాళ్ల జోలికే పోలేదు! 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరి వేయమంది. అదే కోర్టు 2019లో నిర్దోషులని విడిచిపెట్టి, తలా 5 లక్షలు ఇప్పించమంది. ఈలోగా దాదాపు 16 ఏళ్లు జైల్లోనే గడిచాయి. వాళ్లలో ఒకడికి నేరం జరిగిన నాటికి 18 ఏళ్లు కూడా నిండలేదు.

అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షలతో నిర్దోషులుగా తేలినవారి కేసులు తిరగేస్తే, ఎక్కువ వాటిలో సాక్షులు మనిషిని తప్పుగా గుర్తుపట్టారని బయటపడింది. ఇక్కడ సాక్షి ముందు చెప్పిన మాటనే పక్కన పెట్టేశారు. ఇలా నలిగినవాళ్లకు పరిహారం ఇచ్చేలా చట్టం తెమ్మని 2018లో మన లా కమిషన్ చెప్పింది. అది ఇంకా రాలేదు.

ఉన్న హక్కులైనా వాడుకుందాం. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నా అది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. గిరిజనులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునివ్వాలి, 1987 చట్టం అది. నంబరు 15100. మనవాళ్లను తీసుకెళ్లిన రోజే ఫోన్ చేయండి.